పికప్‌కి పెద్ద టైర్లు, 2 అంగుళాల లిఫ్ట్: 285/70ఆర్17 పడుతుందా?

కొండమలుపు
అందరికీ నమస్కారం. నాది డబుల్ క్యాబ్ ఫోర్ బై ఫోర్ పికప్, డీజిల్ ఆటోమేటిక్. కంపెనీ నుంచి వచ్చిన టైర్లు 265/65ఆర్17 (వెడల్పు 265 మి.మీ., సైడ్‌వాల్ ఎత్తు అందులో 65 శాతం, 17 అంగుళాల డిస్కు). డిస్కులు (టైరు ఎక్కించే రిమ్ములు) 17×7.5, ఆఫ్‌సెట్ ప్లస్ 30, అంటే హబ్‌కి ఆనే ముఖం డిస్కు మధ్య గీత కంటే 30 మి.మీ. బయటకి ఉంటుంది. టైర్లు అరిగిపోయాయి, ఎలాగూ మార్చాలి. మార్చేదేదో ఈసారి పెద్ద సైజు వేద్దామని చాలా రోజుల కోరిక.

అనుకున్నది ఇది: 285/70ఆర్17 ఏటీ (అన్ని రకాల దారులకీ పనికొచ్చే) టైర్లు, 17×8.5 జీరో ఆఫ్‌సెట్ డిస్కులు, టైరుకి చోటు దొరకడానికి నాలుగు మూలలా 2 అంగుళాల లిఫ్ట్. వారంలో ఐదు రోజులు తారు రోడ్డే. నెలకి రెండు మూడుసార్లు రాళ్ల దారిలో వెళ్తాను, వర్షం పడితే అక్కడ బురద. తొట్టిలో అప్పుడప్పుడు 400 కిలోల దాకా సామాను ఉంటుంది. వించ్, స్టీల్ బంపర్ లాంటివి లేవు, పెట్టే ఆలోచన కూడా లేదు.

టైరు తగలకుండా ఉంటుందా? లిఫ్ట్‌కి స్పేసర్లు (ఎత్తు కోసం మధ్యలో పెట్టే దిమ్మలు) సరిపోతాయా, మొత్తం షాక్‌లు, స్ప్రింగులు మార్చాలా?

బురదబాట
వేసెయ్యండి బ్రదర్, ఆలోచించకండి. నేను 285/70 మీద మూడేళ్లుగా తిరుగుతున్నాను. బురదలో, బండరాళ్ల మీద ఆ తేడా మాటల్లో చెప్పలేను, ఇదివరకు డిఫరెన్షియల్ గీసుకున్న చోట ఇప్పుడు సాఫీగా దాటుతున్నాను. కోత పని మాత్రం ఉంటుంది. ముందు మడ్ ఫ్లాప్‌లు తీసేశాను, బంపర్ లోపలి ప్లాస్టిక్ కోశాను, వీల్ హౌసింగ్ వెనక బాడీ మౌంట్ (బాడీని ఛాసిస్‌కి బిగించే చోటు) మూల కోసి మళ్లీ వెల్డింగ్ పెట్టించాను. నా డిస్కులు కూడా జీరో ఆఫ్‌సెట్టే.

కొండమలుపు
బాడీ మౌంట్ కోయడమా? లిఫ్ట్ ఉన్నా కూడానా?

బురదబాట
ఉన్నా కూడా. 2 అంగుళాలు లేపాక కూడా ఫుల్ కట్ కొట్టి రివర్స్ తీస్తే తగిలింది.

టార్క్_రెంచ్
ఈ ప్రశ్న ఇక్కడికి రాని నెల ఉండదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఇరవై ఏళ్లుగా సస్పెన్షన్ పనే నాది.

కొండమలుపు గారూ, మీరు లిఫ్ట్‌ని టైరుకి చోటు ఇచ్చే వస్తువుగా చూస్తున్నారు. బండి నిలబడి ఉన్నప్పుడు ఆ మాట నిజమే. కానీ గుంతలో పడి సస్పెన్షన్ పూర్తిగా లోపలికి నొక్కుకున్నప్పుడు చక్రం పైకి ఎక్కడిదాకా వెళ్తుందో తేల్చేది బంప్ స్టాప్ అనే అడ్డు దిమ్మ. మీరు స్ప్రింగ్ ఎత్తు పెంచారే తప్ప బంప్ స్టాప్ ఉన్న చోటు మారలేదు. కాబట్టి లిఫ్ట్ ముందు ఎక్కడ తగిలేదో లిఫ్ట్ తర్వాతా అక్కడే తగులుతుంది. కాకపోతే తక్కువసార్లు తగులుతుంది. షెడ్డులో బాగానే ఉంది కదా అని వెళ్లి, మొదటి పెద్ద గుంతలో ఫెండర్ లైనర్ చింపుకుని వచ్చిన బండ్లు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి.

ఇక అంకెలు. 265/65ఆర్17 వ్యాసం 776 మి.మీ., అంటే 30.6 అంగుళాలు. 265/70ఆర్17 వ్యాసం 803 మి.మీ., 31.6 అంగుళాలు. 285/70ఆర్17 వ్యాసం 831 మి.మీ., 32.7 అంగుళాలు. నేల నుంచి ఇరుసు లేచేది పాత టైరుతో ఉన్న వ్యాసం తేడాలో సగమే: 265/70తో 13 మి.మీ., 285/70తో 27 మి.మీ. లిఫ్ట్ కిట్ ఎంత పెద్దదైనా వెనక డిఫరెన్షియల్ కింద ఖాళీ ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు, ఎందుకంటే ఇరుసు నిలబడేది టైరు మీద. లిఫ్ట్ పెంచేది ఛాసిస్, బాడీ ఎత్తుని.

అసలు ఇబ్బంది మీ డిస్కుతో. ప్లస్ 30 ఉన్న 7.5 అంగుళాల డిస్కు బయటి అంచు హబ్ ముఖం నుంచి 65 మి.మీ. బయటకి ఉంటుంది. జీరో ఉన్న 8.5 అంగుళాల డిస్కు అంచు 108 మి.మీ. దగ్గర ఉంటుంది. అంటే 43 మి.మీ. బయటకి పోయింది. టైరు వెడల్పు 20 మి.మీ. పెరిగింది కాబట్టి అందులో సగం కలిపితే 53. చక్రం స్టీరింగ్ పివట్ నుంచి ఎంత దూరం జరిగితే తిప్పేటప్పుడు అంత పెద్ద వలయం గీస్తుంది. ఆ వలయం వెనక కొస బాడీ మౌంట్‌కి, ముందు కొస బంపర్ మూలకి వెళ్తుంది. బురదబాట తమ్ముడు కోసిన చోట్లు సరిగ్గా అవే. సైజు ఒక్కదాని వల్ల అంత కోత రాలేదు, ఆఫ్‌సెట్ వల్ల వచ్చింది.

బురదబాట
అన్నా, ఈ లెక్క ఇంత విడమరిచి నాకు ఎవరూ చెప్పలేదు. డిస్కులు అమ్మిన వాళ్లు బయటకి వస్తే బండి గట్టిగా నిలబడుతుందన్నారు.

టార్క్_రెంచ్
వెడల్పు పెరిగితే పక్కకి ఊగడం కొద్దిగా తగ్గే మాట నిజమే. దాంతోపాటు వీల్ బేరింగ్ మీద, బాల్ జాయింట్ మీద భారం పెరుగుతుంది. స్టీరింగ్ ప్రతి గుంతకీ చేతిని లాగుతుంది. చక్రం ఫెండర్ దాటి బయటికి వచ్చి రాళ్లు, బురద తలుపుల మీద చల్లుతుంది. నా మాటగా చెప్పాలంటే, రోజూ తిరిగే బండికి జీరో ఆఫ్‌సెట్ వద్దు.

నల్లరబ్బరు
నేను టైర్ల షాపులో పనిచేస్తాను, టైరు సంగతి నేను చెప్తాను.

సైజు కంటే ముందు సైడ్‌వాల్ మీద లోడ్ ఇండెక్స్ చూడండి. మీ పాత టైరు మీద 112 ఉంటుంది, అంటే టైరుకి 1,120 కిలోలు. 115 అంటే 1,215. 121 అంటే 1,450. కొత్తది పాతదాని కంటే తగ్గకూడదు, ఇందులో బేరం లేదు. పక్కన ఉండే అక్షరం వేగానిది: క్యూ 160, ఆర్ 170, ఎస్ 180, టీ 190 కి.మీ.

రెండోది మామూలు టైరా, ఎల్‌టీ (లైట్ ట్రక్) టైరా అన్నది. ఎల్‌టీలో పొరలు మందం, రాళ్లకి సైడ్‌వాల్ త్వరగా చీలదు. అయితే అది పూర్తి బరువు మోయాలంటే గాలి కూడా అంత కావాలి. లోడ్ రేంజ్ సీ అయితే గరిష్ట బరువు 50 పీఎస్‌ఐ దగ్గర, డీ అయితే 65 దగ్గర, దాని పైది అయితే 80 దగ్గర. మామూలు టైరుకి అదే 35, 36 దగ్గర వచ్చేస్తుంది. తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉన్న గాలి అంకె మీ పాత టైరు కోసం రాసింది. ఎల్‌టీ టైరు వేసి అదే 30 పీఎస్‌ఐ పెట్టి, వెనక 400 కిలోలు వేసి ఎండలో హైవే మీద తోలితే సైడ్‌వాల్ వేడెక్కిపోతుంది. టైరు కంపెనీ ఇచ్చే బరువు–గాలి పట్టిక అడిగి తీసుకోండి.

మీరు చెప్పిన వాడకానికి 80 పీఎస్‌ఐ రకం అవసరం లేదు. అది బరువు, ఖాళీ బండిలో దడదడ. మామూలు కట్టుబడిలోనే గట్టి ఏటీ గానీ, సీ రకం ఎల్‌టీ గానీ చాలు. ఎంటీ (బురద టైర్లు) జోలికి పోకండి, తడి తారు మీద బ్రేక్ పట్టు తగ్గుతుంది, మోత భరించలేరు.

తయారీ తేదీ కూడా చూడండి. చివరి నాలుగు అంకెలు 2324 అంటే 2024లో 23వ వారం.

నిలకడ
మైలేజీ గురించి ఒక మాట, దీని మీద ఇక్కడ చాలా తప్పు లెక్కలు కనిపిస్తుంటాయి. పెద్ద టైరు ఒక చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, కానీ మీటర్‌కి ఆ సంగతి తెలియదు. 285/70 వేస్తే మీటర్ 100 చూపించినప్పుడు పాత టైరు కంటే 7 శాతం ఎక్కువ వేగంలో ఉంటారు. 265/70తో 3.4 శాతం. దూరం కూడా అలాగే తక్కువగా నమోదవుతుంది. కాబట్టి "మైలేజీ పడిపోయింది" అనే ముందు మీటర్ చూపిన కిలోమీటర్లని 1.07తోనో 1.034తోనో గుణించండి. ఆ తర్వాత కూడా తగ్గుదల ఉంటే అది నిజమైన తగ్గుదల.

అది ఉంటుంది కూడా. నా దగ్గర 285/70 ఎల్‌టీ టైరు, డిస్కు కలిపి కాటా మీద పెడితే పాతదాని కంటే 10 కిలోలు ఎక్కువ తూగింది, అది కూడా తిరిగే బరువు. పైగా 3.9 ఉన్న వెనక గేర్ నిష్పత్తి 3.64లా పనిచేస్తుంది. ఘాట్‌లో గేర్‌బాక్స్ మాటిమాటికీ కింది గేరుకి దిగడం మొదలైంది. బ్రేక్ కూడా అంతే, అదే డిస్క్ బ్రేక్ ఇప్పుడు పెద్ద చక్రాన్ని ఆపాలి. ఏడాది తోలాక నేను 265/70కి దిగొచ్చాను. దిగాక బండి మళ్లీ నాది అనిపించింది.

బురదబాట
నిలకడ గారూ, మీ అనుభవం మీది. నా దారిలో గాడులు లోతు, 27 మి.మీ. నాకు చాలా విలువైనవి. ఏడాదిలో సగం రోజులు అక్కడే తిరుగుతాను.

నిలకడ
ఒప్పుకుంటాను. మీ వాడకానికి మీ నిర్ణయం సరైనదే. కొండమలుపు గారు నెలకి రెండు మూడుసార్లు అన్నారు కాబట్టి చెప్పాను.

కమాన్‌కట్ట
ముందు చక్రాల గురించి అందరూ చెప్పేశారు, వెనక్కి వద్దాం.

వెనక లేపడానికి నాలుగు దారులున్నాయి. ఇరుసుకీ కమాన్ కట్టకీ మధ్య బ్లాక్ పెట్టడం, ఉన్న కట్టకి ఒక పట్టీ కలపడం, షాకిల్ (కట్ట కొసని ఛాసిస్‌కి కలిపే లింకు) పొడవు పెంచడం, కట్ట మొత్తం మార్చడం. బ్లాక్ చిన్నది, ఒకే ముక్కగా ఉన్నది అయితే పరవాలేదు. బ్లాక్ మీద బ్లాక్ ఎప్పుడూ పెట్టించుకోకండి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇరుసు మెలికపడి కట్ట ఎస్ ఆకారంలోకి వంగుతుంది, బ్లాక్ ఎత్తు పెరిగేకొద్దీ ఆ మెలిక ఎక్కువ. షాకిల్ 2 అంగుళాలు పెంచితే బండి లేచేది 1 అంగుళమే, పైగా పినియన్ కోణం (డిఫరెన్షియల్‌లోకి షాఫ్ట్ చేరే కోణం) మారి షాఫ్ట్‌లో వణుకు రావచ్చు. మీకైతే కట్ట మార్చడమే నా సలహా.

ఎంత బరువుకి కట్ట తీసుకోవాలన్నది ఇంకా ముఖ్యం. "ఎప్పుడో 400 వేస్తాను కదా, 300 కిలోల స్థిర బరువు కట్ట ఇవ్వండి" అని అడగకండి. ఆ అంకె ఎప్పుడూ తొట్టిలో ఉండే బరువుది. ఖాళీగా తిరిగే బండికి అది వేస్తే వెనక కుర్చీలో కూర్చున్న వాళ్ల నడుము పోతుంది, వంకర రోడ్డులో వెనక చక్రం ఎగిరి పట్టు తప్పుతుంది. అప్పుడప్పుడూ బరువు వేసే రకం కట్ట అని అడిగి తీసుకోండి. ఏ కట్ట వేసినా బండి మోయగల గరిష్ట బరువు పెరగదు, కంపెనీ ప్లేటు మీద ఉన్న అంకే చివరి మాట.

కట్టని ఇరుసుకి బిగించే యూ బోల్టులు కొత్తవి వేయించండి. ఒకసారి బిగించి సాగినవి మళ్లీ వాడకూడదు.

ఇంకొకటి, దీన్ని చాలామంది మరచిపోతారు. కొన్ని పికప్‌లలో వెనక ఇరుసుకి, ఛాసిస్‌కి మధ్య ఒక కడ్డీ, దానికి కలిపి లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటుంది. తొట్టిలో బరువు ఉంటే ఛాసిస్ కిందికి దిగుతుంది, వాల్వ్ వెనక బ్రేకులకి ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. మీరు వెనక లేపితే తొట్టి ఎప్పుడూ ఖాళీయే అనుకుని వెనక బ్రేక్ తగ్గించేస్తుంది. మీ బండిలో ఉంటే దాని బ్రాకెట్‌ని లిఫ్ట్‌కి తగ్గట్టు జరిపి సరిచేయించాలి. వెనక బ్రేక్ హోస్, ఏబీఎస్ తీగ, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకుపోతున్నాయేమో కూడా చూడండి.

కొండమలుపు
ఈ వాల్వ్ పేరు ఇప్పుడే వింటున్నాను. నిన్న బండి కిందకి దూరి చూశాను, నా బండిలో ఉంది. చాలా థాంక్స్ అన్నా.

ముందు స్పేసర్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. 25 మి.మీ. స్పేసర్ అంటే 25 మి.మీ. లిఫ్టేనా?

టార్క్_రెంచ్
కాదు. స్ట్రట్ (షాక్, స్ప్రింగ్ కలిసి ఉన్న భాగం) కింది ఆర్మ్‌కి మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది, చక్రం ఆర్మ్ చివర ఉంటుంది. స్ట్రట్ పైన 25 పెడితే చక్రం దగ్గర దాదాపు రెట్టింపు వస్తుంది. "1 అంగుళం స్పేసరే కదా" అని వేయించి బండి 2 అంగుళాలు లేచిందేమిటని కంగారు పడేది అందుకే.

పైన పెట్టే స్పేసర్‌తో మరో చిక్కు ఉంది. షాక్ పొడవు అలాగే ఉంటుంది కానీ మొత్తంగా కిందికి జరుగుతుంది. చక్రం వేలాడినప్పుడు ఇదివరకటి కంటే ఎక్కువ కిందికి పోయి సీవీ జాయింట్ (చక్రాన్ని తిప్పే షాఫ్ట్ కీలు), పై బాల్ జాయింట్ వాటి హద్దు దాటుతాయి. స్ప్రింగ్‌ని నొక్కిపెట్టే లోపలి స్పేసర్ అయితే చక్రం కిందికి జారే దూరం తగ్గి, గుంత దాటగానే షాక్ "టక్" మని కొడుతుంది. అందుకే నేను ఆ లిఫ్ట్‌కి తగ్గ పొడవున్న షాక్, స్ప్రింగ్ జంటనే వాడతాను. మీకు ముందు 40 మి.మీ., వెనక 25 నుంచి 30 చాలు. ముందు అంతకు మించి లేపితే పై కంట్రోల్ ఆర్మ్ కూడా మార్చాల్సి వస్తుంది. ఎందుకంటే లేపినప్పుడు క్యాస్టర్ (స్టీరింగ్ పివట్ వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది. క్యాస్టర్ తగ్గితే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, హైవే మీద బండి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. అలైన్‌మెంట్ చేయించాక కాగితం తీసుకుని టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే కాకుండా క్యాస్టర్ అంకె కూడా చూడండి.

దయచేసి స్ప్రింగ్ విప్పే పని ఇంట్లో పెట్టుకోకండి. నొక్కి ఉన్న కాయిల్ జారితే ప్రాణం పోతుంది. ఆ ఒక్క పనికి షెడ్డుకే వెళ్లండి.

మౌనప్రయాణి
నేను ఎక్కువగా రాయను. ఇది మాత్రం రాయాలి.

నా పాత కంపెనీ అల్లాయ్‌లకి నట్టు కింద చదునైన వాషర్ ఉండేది. కొత్త డిస్కులకి రంధ్రం కోన్ ఆకారంలో, 60 డిగ్రీల కోణంతో ఉంది. బిగించిన కుర్రాడు పాత నట్లే వేసేశాడు. చూడ్డానికి బిగిసినట్టే ఉన్నాయి. 200 కి.మీ. వెళ్లాక స్టీరింగ్‌లో వణుకు మొదలైంది. టైర్ బ్యాలెన్సింగ్ అనుకుని ఇంకో 60 కి.మీ. తోలాను. ఆగి చూస్తే ఎడమ ముందు చక్రానికి ఆరు నట్లలో రెండు చేత్తో తిరిగాయి, డిస్కు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిపోయాయి. వెనక సీట్లో మా అమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్నారు.

డిస్కు మారిస్తే నట్టు కూడా దానికి తగ్గది ఉండాలి. బిగించాక 80, 100 కి.మీ. దగ్గర మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడాలి. ఇప్పుడు రెంచ్ బండిలోనే ఉంచుకుంటున్నాను.

నల్లరబ్బరు
ఇది నేనూ చూశాను. హబ్ రంధ్రం సంగతి కూడా కలుపుతాను. ఆరు బోల్టులు, వాటి వలయం వ్యాసం 139.7 మి.మీ. అనేది చాలా పికప్‌లకి ఒకటే, కానీ మధ్య రంధ్రం ఒకటి కాదు. హైలక్స్‌కి 106.1 మి.మీ., రేంజర్‌కి 93.1. నవారాకి అయితే బోల్టుల వలయమే వేరు, 114.3. 106 రంధ్రం ఉన్న డిస్కు 93 హబ్ మీద పెడితే బోల్టులు సరిపోయినా మధ్యలో ఆనదు, వేగంలో వణుకుతుంది. సరిపడా రింగు వేయాలి. డిస్కు వెనక పోత పోసిన లోడ్ అంకె కూడా చదవండి, కార్ల కోసం చేసిన డిస్కులు పికప్ బరువుకి సరిపోవు.

కొండమలుపు
వారం రోజులు కొలతలతో గడిపాను. ఒక చక్రాన్ని ర్యాంప్ ఎక్కించి, ఎదురు మూల చక్రాన్ని గుంతలోకి దింపి, నెమ్మదిగా ఫుల్ కట్ కొట్టి చూశాను, తమ్ముడు టార్చ్ పట్టుకున్నాడు. పాత టైరుతో బాడీ మౌంట్‌కి బాగానే ఎడం ఉంది, 265/70కి కూడా సరిపోతుంది. కానీ జీరో ఆఫ్‌సెట్ డిస్కు మీద 285 అయితే కోయక తప్పదు. కంపెనీ డిస్కు మీదే 285 వేద్దామా అంటే, లోపలి వైపు 10 మి.మీ. పోతుంది, పై ఆర్మ్‌కి వేలు కూడా దూరని ఖాళీ మిగులుతుంది.

అందుకని నిర్ణయం: కంపెనీ డిస్కులే, 265/70ఆర్17 మామూలు కట్టుబడి ఏటీ, లోడ్ ఇండెక్స్ 115, ఐదు టైర్లు. ముందు 40, వెనక 25 లిఫ్ట్, షాక్‌లతో సహా. డిస్కుల మీద మిగిలింది షాక్‌ల మీద పెడుతున్నాను.

బురదబాట
కొంచెం నిరాశ పడ్డాను గానీ లెక్క చూశాక కాదనలేను బ్రదర్. ఫోటోలు పెట్టండి.

టార్క్_రెంచ్
ఐదో టైరు తీసుకోవడం చాలా మంచి పని. ఫోర్ వీల్‌లో ఉన్నప్పుడు ఒక మూల చిన్న టైరు ఉంటే గేర్ల మీద పడే లాగుడు ఎవరికీ కనిపించదు, వినిపించేసరికి ఆలస్యం అయిపోతుంది. స్టెప్నీ కింద పడుతుందో లేదో ముందే చూసుకోండి. హెడ్‌లైట్లు కిందికి దించండి, ఎదురొచ్చే వాళ్ల కళ్లలో పడతాయి. బండి ముందు రాడార్, కెమెరా ఉంటే వాటి క్యాలిబ్రేషన్ కూడా. మీ దగ్గర రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఎంత మార్పుకి ఒప్పుకుంటాయో అడిగాకే పని మొదలుపెట్టండి.

కొండమలుపు
నాలుగు నెలలు, 6,000 కి.మీ. తర్వాత రాస్తున్నాను. అడిగి కనుక్కున్నాను, నా మార్పులు హద్దులోనే ఉన్నాయి.

హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు ముందు 508 మి.మీ. ఉండేది, మొదటి రోజు 556 వచ్చింది. స్ప్రింగులు కుదురుకున్నాక ఇప్పుడు 549. వెనక 27 లేచింది. క్యాస్టర్ ఎడమ 2.9, కుడి 3.1 డిగ్రీలు, స్టీరింగ్ చక్కగా వెనక్కి వస్తోంది. టైరు ఎక్కడా తగలడం లేదు, మడ్ ఫ్లాప్‌లు కూడా అలాగే ఉన్నాయి. వాల్వ్ బ్రాకెట్ సరిచేయించాను. 400 కిలోలతో ఖాళీ రోడ్డు మీద గట్టిగా బ్రేక్ కొట్టి చూశాను, వెనక కూడా సమంగా పట్టింది.

మైలేజీ ఇదివరకు లీటరుకి 11.2. ఇప్పుడు మీటర్ 10.6 చూపిస్తోంది, నిలకడ గారి లెక్క ప్రకారం 1.034తో గుణిస్తే 10.96. ఈ తేడా నేను సంతోషంగా భరిస్తాను. ఎక్కువ తేడా తెలిసింది షాక్‌లలో. ఆ రాళ్ల దారిలో మా నాన్న ఇదివరకు పై హ్యాండిల్ వదిలేవారు కాదు, మొన్న మధ్యలో నిద్రపోయారు.

కమాన్‌కట్ట
స్టెప్నీ కింద పట్టిందా?

కొండమలుపు
పట్టింది. వెనక బంపర్ బ్రాకెట్‌కి 9 మి.మీ. ఎడం ఉంది. గొలుసు సరిగ్గా మధ్యలో ఉండేలా చూసి పైకి లాగాలి, లేకపోతే ఒక పక్క ఆనుతోంది.